ఒక్కో భాగం వెనక ఒక్కో ఫిర్యాదు: 1911 కోల్ట్ పిస్టల్ ఎలా తయారైంది

(మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

1911లో అమెరికా సైన్యం ఒక పిస్టల్‌ను ఎంచుకుంది. 1985 దాకా అదే వాళ్ల ప్రధాన పిస్టల్. అంటే 74 ఏళ్లు. ఈ మధ్యలో గుర్రాలు పోయి ట్యాంకులొచ్చాయి, రెండు ప్రపంచ యుద్ధాలు జరిగాయి, కొరియా అయింది, వియత్నాం అయింది, మనిషి చంద్రుడి మీదికి వెళ్లొచ్చాడు. ఆ పిస్టల్ మాత్రం 1920ల్లో చేసిన కొద్దిపాటి మార్పులతో అలాగే ఉండిపోయింది. మెషిన్ డిజైన్ చదివేవాళ్లు మీరు, ఒక యంత్రం ఇంతకాలం నిలబడటం ఎంత అరుదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

దీని రూపకర్త జాన్ మోజెస్ బ్రౌనింగ్. ఆయన గురించి రాసేవాళ్లు ఎక్కువమంది ఆయన్ని పుట్టు మేధావిగా చూపించి, ఒక్క కలంపోటుతో అంతా గీసేసినట్టు రాస్తారు. మేధావే, అందులో సందేహం లేదు. కానీ ఆయన 1890ల్లో చేసిన తొలి పిస్టళ్లకూ 1911 పిస్టల్‌కూ మధ్య పదిహేనేళ్ల దూరం ఉంది. ఆ దూరం దాటించింది చాలావరకు సిపాయిల ఫిర్యాదులు. వాటిని కాగితం మీద పెట్టి, "ఇది సరిచేసుకుని మళ్లీ రండి" అని వెనక్కి పంపిన పరీక్షా బోర్డులు. ఈ పిస్టల్‌లో మీరు ఏ భాగం మీద వేలు పెట్టినా, దాని వెనక ఎవరో ఒకరి గోడు వినిపిస్తుంది. ఈ రోజు నేను మీకు చెప్పాలనుకున్నది అదే.

ముందు ఒక ప్రాథమిక విషయం. సెమీ ఆటోమేటిక్ అంటే ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క తూటాయే పేలుతుంది. కానీ పేలిన తర్వాత ఖాళీ షెల్‌ను (గుండు వెళ్లిపోయాక మిగిలే తూటా తొడుగును) బయటకు విసరడం, కొత్త తూటాను ఎక్కించడం, హ్యామర్‌ను (తూటాను పేల్చడానికి దెబ్బ కొట్టే సుత్తిని) మళ్లీ వెనక్కి పెట్టడం, ఈ మూడూ పిస్టలే చేసుకుంటుంది. రివాల్వర్‌లో చక్రం తిరగాలన్నా, హ్యామర్ లేవాలన్నా మన వేళ్ల బలమే కావాలి. మరి ఇక్కడ ఆ బలం ఎక్కడినుంచి వస్తుంది? తుపాకీ పేలినప్పుడు భుజానికో చేతికో తగిలే ఆ వెనక్కి తన్నే దెబ్బ ఉంది చూశారా, దాన్నుంచే. శతాబ్దాలుగా వృథాగా పోయిన ఆ శక్తిని పనిలో పెట్టినవాడు హైరమ్ మాక్సిమ్. 1884 ప్రాంతంలో ఆయన మెషిన్ గన్ బయటికొచ్చింది.

అయితే ఈ ఆలోచన పిస్టల్ దాకా రావడానికి ఇంకొకటి కావాల్సి వచ్చింది. అది కెమిస్ట్రీ. పాత నల్లటి తుపాకి మందు కాలితే సగానికి పైగా మసిగా మిగులుతుంది. ఆ మసి కదిలే భాగాల మధ్య పేరుకుపోతే, సన్నని స్ప్రింగులతో నడిచే చిన్న యంత్రం పట్టేస్తుంది. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియెల్ పొగరాని మందు తయారుచేశాడు. మసి తగ్గింది, ఒత్తిడి పెరిగింది, తూటా చిన్నదైంది. పదేళ్లు తిరక్కుండానే యూరప్‌లో ఆటోమేటిక్ పిస్టళ్లు (సెమీ ఆటోమేటిక్‌నే వాడుకలో అలా అంటారు) వరసకట్టాయి. 1893లో బెర్లిన్‌లో హ్యూగో బోర్షార్ట్ పిస్టల్. మ్యాగజైన్‌ను, అంటే తూటాలు పేర్చి ఉంచే పెట్టెను, పిడిలోపల పెట్టాలన్న ఏర్పాటు అందులో ఉంది. 1896లో మౌజర్. తర్వాత బోర్షార్ట్ పిస్టల్‌నే సరళం చేసి గియోర్గ్ లూగర్ చేసిన పిస్టల్‌ను 1900లో స్విట్జర్లాండ్ సైన్యం తీసుకుంది.

మౌజర్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. 1898లో సూడాన్‌లోని ఆమ్‌డర్మన్ యుద్ధంలో విన్‌స్టన్ చర్చిల్ గుర్రం మీద దాడికి వెళ్లింది కత్తితో కాదు, మౌజర్ పిస్టల్‌తో. కారణం, రెండేళ్ల కిందట బొంబాయి రేవులో దిగుతూ ఆయన భుజం కీలు తప్పింది. కత్తి ఝళిపించే స్థితి లేదు. గుర్రపు రౌతుకు ఒక చెయ్యి కళ్లేనికే పోతుందన్న సంగతి గుర్తుంచుకోండి. మన కథలో అది చాలా ముఖ్యం.

ఇక బ్రౌనింగ్. 1855లో యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో పుట్టాడు. తండ్రి జోనథన్ తుపాకులు చేసే పనివాడు. ఆ కొట్టులోనే పెరిగాడు, ఆకురాయి పట్టి పనిచేయడం ముందు, గీతలు గీయడం తర్వాత. 1889 ప్రాంతంలో ఎవరో తుపాకీ పేల్చినప్పుడు గొట్టం ముందున్న గడ్డి ఆ గాలికి పక్కకు వంగిపోవడం చూశాడు. ఆ గాలిలో శక్తి ఉంది కదా, అది గుండుకు అక్కర్లేదు కదా అనుకున్నాడు. ఆ ఆలోచన నుంచి ఆయన మెషిన్ గన్ వచ్చింది. ఆ పనిమీదే కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లోని కోల్ట్ కంపెనీతో సంబంధం కలిసింది. తర్వాత పిస్టళ్ల మీద పడ్డాడు. 1897లో ఒకేసారి నాలుగు పేటెంట్లు వచ్చాయి.

అందులో ఒక భాగాన్ని మీరు ఇవాళ ప్రపంచంలో దాదాపు ప్రతి పిస్టల్‌లోనూ చూస్తారు. దాని పేరు స్లైడ్. అంతకు ముందు పిస్టళ్లలో తూటాను వెనక నుంచి మూసే బోల్టు వేరు, బ్యారెల్‌ను, అంటే గుండు దూసుకెళ్లే గొట్టాన్ని పట్టుకునే చట్రం వేరు. బ్రౌనింగ్ ఆ బోల్టునూ బ్యారెల్‌ను కప్పే తొడుగునూ ఒకే ముక్కగా చేశాడు. బరువు పైన పరచుకుంది, పట్టుకుని వెనక్కి లాగడం తేలికైంది, భాగాల లెక్క తగ్గింది. నన్నడిగితే ఆయన చేసిన వాటిలో అన్నిటికంటే గొప్పది ఇదే.

1900లో కోల్ట్ అమ్మకానికి పెట్టిన ఆయన పిస్టల్ 0.38 అంగుళాల తూటాది. దానిలో రెండు ఇబ్బందులున్నాయి, రెండూ డిజైన్ విద్యార్థులు చూసి నేర్చుకోవాల్సినవి. మొదటిది, బ్యారెల్ కింద ముందొక లింకు, వెనకొక లింకు ఉండేవి. లింకు అంటే పిన్ను చుట్టూ తిరిగే చిన్న ముక్క. బ్యారెల్ మొత్తం అడ్డంగా, సమాంతరంగా కిందికి దిగేది. అంటే దాని మూతి కూడా ప్రతి గుండుకూ దిగి, మళ్లీ పైకి లేస్తుంది. గురికి అది మంచిది కాదు. రెండోది ఇంకా తీవ్రం. స్లైడ్‌ను ఫ్రేము (పిడితో కలిసి ఉండే కింది చట్రం) మీదికి వెనకవైపు నుంచి ఎక్కించేవారు. అది వెనక్కి ఊడిరాకుండా ఆపేది ముందువైపు అడ్డంగా దూర్చిన ఒక చిన్న మేకు లాంటి ముక్క. ఆ ముక్క విరిగినా, పెట్టడం మరిచిపోయినా, స్లైడ్ నేరుగా కాల్చేవాడి ముఖం మీదికే. ఈ రెంటికీ 1911 నాటికి జవాబు దొరికింది, ఎలాగో చెప్తాను.

ఇప్పుడు కథ ఫిలిప్పీన్స్‌కు వెళ్లాలి.

1898లో స్పెయిన్‌ను ఓడించి అమెరికా ఫిలిప్పీన్ దీవులను పట్టుకుంది. అక్కడి ప్రజలు దాన్ని ఒప్పుకోలేదు. దక్షిణాన మోరోలు, అంటే అక్కడి ముస్లిం తెగల వాళ్లు, 1913 దాకా పోరాడారు. అమెరికన్ అధికారుల నడుముకు అప్పుడు 0.38 కోల్ట్ రివాల్వర్ ఉండేది. ఒంటినిండా గుండ్లు దిగినా కత్తి దూసి మీదికొచ్చేవాడు ఆగలేదని ఒకదాని తర్వాత ఒకటి నివేదికలు వెళ్లాయి. 1905లో సమర్ దీవిలో తప్పించుకోబోయిన ఒక ఖైదీని దగ్గరనుంచి నాలుగుసార్లు కాల్చినా ఆగలేదని, చివరికి తుపాకీ మడమతో కొట్టి పడేశారని సైనిక వైద్యుల రికార్డుల్లో ఉంది. గిడ్డంగుల్లో మూలపడేసిన 1873 నాటి 0.45 రివాల్వర్లను బయటకు తీసి మళ్లీ పంచారు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఇంగ్లిష్‌లో దొరికే తుపాకుల చరిత్రలు చాలావాటిలో ఈ ఘట్టం మోరోలను మతిపోయిన మనుషులుగా చూపిస్తూ సాగుతుంది. వాళ్లు తమ నేలమీద ఉన్నారు. వాళ్ల మీదికి వెళ్లింది ఎవరో మనకు తెలుసు. మనమూ అలాంటి పాలనలో బతికిన వాళ్లమే. ఈ పిస్టల్ ఎందుకంత పెద్ద గుండు కోరుకుందో చెప్పేటప్పుడు ఆ సంగతి దాటేసి పోవడం నాకు ఇష్టం లేదు. ఇంజనీరు ముందుకొచ్చే ప్రతి స్పెసిఫికేషన్‌కూ ఒక పుట్టుక ఉంటుంది, దీని పుట్టుక ఒక ఆక్రమణ యుద్ధంలో ఉంది.

ఫిర్యాదులు ముదిరాక, 1904లో సైన్యం ఇద్దరికి పని అప్పజెప్పింది. ఒకాయన జాన్ థాంప్సన్, ఆయుధ విభాగం అధికారి. తర్వాతి కాలంలో థాంప్సన్ సబ్ మెషిన్ గన్‌కు పేరిచ్చినాయన ఈయనే. రెండో ఆయన లూయీ లగార్డ్, సైనిక డాక్టరు. రకరకాల కొలతల గుండ్లను షికాగో కబేళాల్లో పశువుల మీదా, దానితోపాటు మనుషుల శవాల మీదా కాల్చి చూశారు. చదవడానికే కష్టంగా ఉండే పరీక్షలు అవి. పైగా సైన్స్ పరంగా అంత గట్టివీ కావు. పశువుల సంఖ్య తక్కువ, ఒక్కోదాన్ని ఒక్కో తీరున కాల్చారు, పోల్చి చూడటానికి సరైన పద్ధతి లేదు. అయినా ఆ నివేదికలోని ఒక్క వాక్యం తర్వాతి వందేళ్లను శాసించింది: సైనిక పిస్టల్ గుండు 0.45 అంగుళాలకు తగ్గకూడదు. అంటే 11.43 మిల్లీమీటర్లు.

బ్రౌనింగ్ అప్పటికే 0.45 తూటా మీద పనిచేస్తున్నాడు. మొదట 200 గ్రెయిన్ల గుండు, అంటే సుమారు 13 గ్రాములు. సైన్యం ఇంకా బరువు కావాలంది. చివరికి 230 గ్రెయిన్లకు, అంటే 15 గ్రాముల దగ్గరికి వచ్చి ఆగింది. 0.38 రివాల్వర్ గుండు 10 గ్రాముల లోపే. ఈ 0.45 గుండు వేగం సెకనుకు 250 మీటర్ల చిల్లర, శబ్దవేగం కంటే తక్కువ. నెమ్మదిగా పోయే బరువైన గుండు. కోల్ట్ ఆ తూటాతో 1905లో ఒక మోడల్ తెచ్చింది.

తర్వాత 1907 జనవరిలో సైన్యం ఆయుధాల కర్మాగారమైన స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో పరీక్షా బోర్డు ముందు పోటీ మొదలైంది. కోల్ట్, సావేజ్, లూగర్, బెర్గ్‌మన్, నోబుల్, వైట్-మెరిల్ అనే ఆటోమేటిక్‌లు వచ్చాయి. వెబ్లీ-ఫాస్బరీ అనే ఆటోమేటిక్ రివాల్వర్ కూడా ఒకటి, మామూలు రివాల్వర్లు రెండు. నోబుల్ పిస్టల్ పనితనం ఎంత మొరటుగా ఉందంటే బోర్డు దాన్ని కాల్చి చూడటానికి కూడా ఒప్పుకోలేదు. బెర్గ్‌మన్ హ్యామర్ దెబ్బకు అమెరికా తూటాలు సరిగా పేలలేదు. లూగర్ చేతిలో హాయిగా ఇమిడేది, పనితనం అందంగా ఉండేది. కానీ ప్రతిసారీ బోల్టు పూర్తిగా మూసుకుంటుందన్న నమ్మకం బోర్డుకు కుదరలేదు. ధూళి పోసి కాల్చారు, తుప్పు పట్టించి కాల్చారు, కావాలని చెడిపోయిన తూటాలు పెట్టి కాల్చారు. చివరికి కోల్ట్, సావేజ్ రెండూ మిగిలాయి. ఒక్కోటి 200 చొప్పున చేసివ్వండి, దళాలకు ఇచ్చి చూస్తాం అన్నారు.

సావేజ్ అనేది న్యూయార్క్ రాష్ట్రంలోని యుటికాలో చిన్న కంపెనీ. 200 పిస్టళ్ల కోసం అచ్చులూ పరికరాలూ అమర్చుకోవడం వాళ్లకు తలకు మించిన ఖర్చు. మొదట వద్దన్నారు. అప్పుడు బోర్డు లూగర్ వాళ్లను అడిగింది. బెర్లిన్ వాళ్లు ముందు సరేనని తర్వాత తప్పుకున్నారు. చివరికి సావేజే తలకెత్తుకుంది. పెద్ద కంపెనీతో పోటీకి అలా నిలబడ్డ ఆ చిన్న కంపెనీ అంటే నాకు గౌరవం. వాళ్లు లేకపోతే కోల్ట్‌కు పరుగెత్తాల్సిన పనే ఉండేది కాదు.

ఆ పిస్టళ్లు గుర్రపు దళాల చేతికి వెళ్లాయి. అక్కడినుంచే అసలు పాఠం మొదలైంది.

గుర్రం మీద ఉన్నవాడికి ఒక చేత్తో కళ్లెం, ఒక చేత్తో పిస్టల్. కాల్చడం మధ్యలో ఆపాడనుకోండి. పిస్టల్ లోపల తూటా ఉంది, హ్యామర్ లేచి ఉంది, కింద గుర్రం ఎగురుతోంది. దాన్ని ఒరలో పెట్టాలంటే హ్యామర్‌ను మెల్లగా దించాలి, ఒక్క చేత్తో. వేలు జారితే తన తొడలోకో గుర్రం మెడలోకో పోతుంది. ఒక్క చేత్తో చేసే పని కాదది. మొదట పిడి వెనక ఒక సేఫ్టీ వచ్చింది: అరచెయ్యి గట్టిగా పట్టి నొక్కితే తప్ప ట్రిగ్గర్ కదలదు. చేజారి కింద పడితే పేలకుండా ఉండటానికి అది పనికొస్తుంది. కానీ ఒరలో పెట్టేటప్పుడు అరచెయ్యి పిడిమీదే ఉంటుంది కదా! సమస్య మిగిలే ఉంది. దానికి జవాబుగా 1910లో ఎడమవైపు బొటనవేలికి అందేలా ఒక మీట వచ్చింది. హ్యామర్ లేచి ఉండగానే ఆ మీటను పైకి తోస్తే అంతా తాళం పడుతుంది. స్లైడ్ కూడా కదలదు. ఒక్క బొటనవేలితో పని అయిపోతుంది. ఇవాళ ప్రపంచమంతా "1911 సేఫ్టీ" అని చెప్పుకునే ఆ మీట బ్రౌనింగ్ తొలి గీతల్లో లేదు. సైన్యం అడిగితే వచ్చింది.

పిడి కోణం కూడా అంతే. పాత మోడళ్లలో పిడి బ్యారెల్‌కు దాదాపు నిలువుగా ఉండేది. ఆదరాబాదరాగా చెయ్యి చాచి కాలిస్తే గుండు కిందికి పోతుంది, ఎందుకంటే మణికట్టు సహజంగా వంగే కోణం అది కాదు. 1910 మోడల్‌లో పిడిని వెనక్కి వంచారు. పిడి అడుగున తాడు కట్టుకునే రింగు, తొలినాళ్లలో మ్యాగజైన్‌కు కూడా అలాంటిదే ఇంకో రింగు, ఇవీ గుర్రపు దళం వల్ల వచ్చినవే. పరుగెత్తే గుర్రం మీదినుంచి పడిపోతే వెనక్కి వెళ్లి ఏరుకోలేరు.

ఇప్పుడు లోపలికి వద్దాం. బ్యారెల్ సంగతి.

1909 నాటికి బ్రౌనింగ్ ముందు లింకును తీసేశాడు. బ్యారెల్ మూతి దగ్గర ఒక బుష్ (మూతిని చుట్టి పట్టుకునే కట్టు లాంటి ముక్క) పెట్టాడు, వెనక ఒక్కటే లింకు మిగిలింది. తూటా పేలిన క్షణాన్ని నెమ్మదిగా నడిపించి చూద్దాం. బ్యారెల్ వీపు మీద అడ్డంగా గట్లు ఉన్నాయి. స్లైడ్ లోపలి కప్పులో వాటికి సరిపోయే గాడులు ఉన్నాయి. గట్లు గాడుల్లో కూర్చుని ఉన్నంతసేపూ బ్యారెలూ స్లైడూ ఒకే ముక్క కింద లెక్క. తూటా పేలింది. గుండు ముందుకు, ఈ రెండూ కలిసి వెనక్కి. వెనక్కి వచ్చేది కొన్ని మిల్లీమీటర్లే, ఈలోపు గుండు గొట్టం దాటి బయటపడింది, లోపల ఒత్తిడి పడిపోయింది. ఇప్పుడు లింకు చూడండి. దాని ఒక చివర బ్యారెల్ అడుగున ఉంది, ఇంకో చివర ఫ్రేములోని పిన్నుకు ఉంది. బ్యారెల్ వెనక్కి జరిగేకొద్దీ లింకు ఆ పిన్ను చుట్టూ తిరుగుతుంది, తిరుగుతూ బ్యారెల్ వెనక భాగాన్ని కిందికి లాగుతుంది. గట్లు గాడుల్లోంచి ఊడొస్తాయి. బ్యారెల్ అక్కడ ఆగిపోతుంది, స్లైడ్ ఒక్కటే వెనక్కి సాగుతుంది. షెల్‌ను లాగి బయటికి విసిరి, హ్యామర్‌ను వంచి, స్ప్రింగ్ తోస్తే మ్యాగజైన్‌లోంచి కొత్త తూటాను తోసుకుంటూ ముందుకొస్తుంది. బ్యారెల్ మళ్లీ పైకి లేచి గట్లు గాడుల్లో పడతాయి.

ఇందులో కీలకం టైమింగ్. పెనుగాలి కొడుతున్నప్పుడు తలుపు గడియ తియ్యం కదా, గాలి తగ్గాకే తీస్తాం. ఇక్కడా అంతే, ఒత్తిడి పడ్డాకే గట్లు విడాలి. ఆ ఆలస్యాన్ని ఒక చిన్న లింకు పొడవు నిర్ణయిస్తోంది. ఎలక్ట్రానిక్స్ లేవు, సెన్సర్ లేదు. జామెట్రీ ఒక్కటే. మూతి ఇప్పుడు బుష్‌లో ఇమిడి ఉంటుంది కాబట్టి గురి నిలకడగా ఉంటుంది. ఇంక ఆ స్లైడ్ ప్రమాదం చెప్పాను చూడండి, దాన్నీ ఇక్కడే తేల్చేశాడు. కొత్త డిజైన్‌లో స్లైడ్‌ను ముందు నుంచి ఎక్కించాలి. లింకు తిరిగే ఆ పిన్నే ఫ్రేములోంచి అడ్డంగా దూరి మొత్తాన్ని కలిపి ఉంచుతుంది. స్లైడ్ వెనక్కి ఊడిపోయే దారి అసలు లేదు. ఆ పిన్ను బయటి చివరే మీటగా మారి, మ్యాగజైన్ ఖాళీ అయినప్పుడు స్లైడ్‌ను వెనక ఆపి పెడుతుంది. ఒక్క ముక్కకు మూడు పనులు. ఈ పిస్టల్ బొమ్మను గంటలకొద్దీ చూడమని నేను మీకు చెప్పేది ఇలాంటి వాటి కోసమే.

1910 నవంబరులో కోల్ట్, సావేజ్ మళ్లీ బోర్డు ముందుకొచ్చాయి. రెండూ పూర్తిగా నెగ్గలేదు. రెంటినీ వెనక్కి పంపారు.

1911 మార్చిలో ఆఖరి పరీక్ష. ఒక్కో పిస్టల్‌తో 6000 తూటాలు. వంద కాల్చాక అయిదు నిమిషాలు చల్లారనిస్తారు. వెయ్యికొకసారి తుడిచి నూనె వేస్తారు. అంతే, మళ్లీ వంద. అది అయ్యాక సొట్టలు పడ్డ తూటాలతో, ఆమ్లంలో ముంచి తుప్పు పట్టించి, ఇసుకలో బురదలో పొర్లించి మళ్లీ కాల్చడం. సావేజ్‌లో 37 సార్లు ఏదో ఒకటి తేడా వచ్చింది. కోల్ట్‌లో 6000 తూటాలకు ఒక్కసారి కూడా రాలేదు.

మీరు ఆ సున్నా గురించి కాస్త ఆలోచించండి. నాలుగు నెలల కిందట అదే కంపెనీ పిస్టల్ అదే బోర్డు ముందు తేలిపోయింది. బోర్డు తన నివేదికలో కోల్ట్ ఎందుకు మేలో నాలుగు కారణాలు రాసింది: ఎక్కువ నమ్మదగింది, ఎక్కువ కాలం మన్నుతుంది, విరిగిన భాగం మార్చాలంటే విప్పడం తేలిక, గురి మెరుగు. వరస గమనించండి, గురి చివర ఉంది. నమ్మకం ముందుంది. 1911 మార్చి 29న సైన్యం దాన్ని అధికారికంగా తీసుకుంది. ఖాళీగా 1.1 కిలోల బరువు, 127 మిల్లీమీటర్ల బ్యారెల్, మ్యాగజైన్‌లో 7 తూటాలు. మొత్తం విప్పి మళ్లీ బిగించడానికి బయటి పరికరం అక్కర్లేదు, దాని భాగాలే దానికి స్క్రూడ్రైవర్లు.

మొదటి ప్రపంచ యుద్ధంలో పిస్టళ్లు చాలక అదే తూటా పేల్చే రివాల్వర్లను కూడా చేయించుకున్నారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలు మళ్లీ ఫిర్యాదులు తెచ్చారు. ట్రిగ్గర్ దూరంగా ఉంది, చిన్న చేతులవాళ్ల వేలు అందట్లేదు. హ్యామర్ వెనక్కి వచ్చేటప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని కొరుకుతోంది. తొందరలో కాలిస్తే గుండు ఇంకా కిందికే పోతోంది. 1920ల్లో ట్రిగ్గర్ పొట్టిదైంది, దాని వెనక ఫ్రేమును వేలికోసం చెక్కారు, పిడి సేఫ్టీ పైభాగం పొడుగైంది, పిడి వీపు కొద్దిగా ఉబ్బింది. 1911ఎ1 అంటే ఇదే. లోపలి యంత్రాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ పిస్టల్‌ను ఎవరెవరు చేశారో వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. అందరికంటే ఎక్కువ చేసింది టైపురైటర్ల కంపెనీ రెమింగ్టన్ ర్యాండ్. రైల్వే సిగ్నళ్లు చేసే యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ చేసింది. మన ఇళ్లల్లో అమ్మమ్మల కాలం నుంచీ కుట్టుమిషన్‌గా తెలిసిన సింగర్ కూడా 500 చేసింది. ఎవరు చేసిన భాగమైనా ఎవరి పిస్టల్‌లోనైనా కూర్చోవాలన్నది సైన్యం పెట్టిన షరతు. టాలరెన్స్‌ల (కొలతల్లో ఎంత తేడా ఉండొచ్చన్న లెక్కల) క్లాసులో మీకు నిద్రొస్తే ఈ సంగతి గుర్తుచేసుకోండి.

నేను చెప్పాల్సింది దాదాపు అయింది. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, మన స్వాతంత్ర్య పోరాటంలో విప్లవకారుల దగ్గర ఇలాంటి పిస్టళ్లు ఉండేవా?)

ఉండేవమ్మా. మంచి ప్రశ్న. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడా అనే ఆయుధాల కంపెనీకి వచ్చిన సరుకులోంచి విప్లవకారులు 50 మౌజర్ పిస్టళ్లు, 46,000 తూటాలు దారి మళ్లించారు. నేనిందాక చెప్పిన మౌజరే అది. దాని చెక్క ఒరను పిడి వెనక బిగిస్తే భుజానికి ఆనించి కాల్చే చిన్న తుపాకీ అవుతుంది. మరుసటి ఏడాది సెప్టెంబరు 9న ఒడిశాలోని బాలాసోర్ దగ్గర బాఘా జతిన్, ఆయన నలుగురు సహచరులు ఆ మౌజర్లతోనే పోలీసుల రైఫిళ్లకు ఎదురు నిలిచారు. జతిన్ మర్నాడు ఆస్పత్రిలో ప్రాణం విడిచాడు.

ఇక చంద్రశేఖర్ ఆజాద్ పిస్టల్ బ్రౌనింగ్ డిజైన్ చేసిందే. 1931 ఫిబ్రవరి 27న అలహాబాద్ ఆల్‌ఫ్రెడ్ పార్కులో ఆయన చేతిలో ఉన్నది 1903 మోడల్ కోల్ట్, 0.32 అంగుళాలది. అలహాబాద్ మ్యూజియంలో ఉంది. ఆ వైపు వెళ్తే తప్పకుండా చూడండి. అది 1911కు చిన్నపాటి చుట్టం అనుకోవచ్చు, కానీ లోపల గట్లు, లింకు ఏవీ ఉండవు. తూటా చిన్నది కాబట్టి తాళం అక్కర్లేదు, స్లైడ్ బరువూ స్ప్రింగ్ బలమూ చాలు. దాన్నే బ్లోబ్యాక్ అంటారు.

(మరో విద్యార్థి: సార్, ఆ లింకు పద్ధతిని ఇప్పటి పిస్టళ్లలోనూ వాడుతున్నారా?)

లింకు చాలావరకు పోయింది బాబూ, బ్యారెల్ వెనక భాగం కిందికి వంగే పద్ధతి మాత్రం ఉంది. దాన్ని మార్చింది కూడా బ్రౌనింగే. లింకు అరుగుతుంది, దాని పిన్ను అరుగుతుంది. అరిగితే మనం చెప్పుకున్న టైమింగ్ తప్పుతుంది. ఆయన చివరిగా పనిచేసిన పిస్టల్‌లో లింకు బదులు బ్యారెల్ అడుగున వాలుగా చెక్కిన ఒక క్యామ్ పెట్టాడు. బ్యారెల్ వెనక్కి రాగానే ఆ వాలు ఫ్రేములోని అడ్డకమ్మీకి తగిలి కిందికి జారుతుంది. కదిలే ముక్క ఒకటి తగ్గింది. ఆ పని పూర్తికాకముందే 1926 నవంబరులో బెల్జియంలోని ఎఫ్ఎన్ ఫ్యాక్టరీలో ఆయన గుండె ఆగిపోయింది. దియుడోనె సైవ్ అనే అక్కడి ఇంజనీరు దాన్ని పూర్తిచేశాడు, 1935లో బ్రౌనింగ్ హై పవర్ పేరుతో వచ్చింది. 9 మిల్లీమీటర్లు, 13 తూటాలు. మన సైన్యం, పోలీసులు వాడిన "పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఎ" ఆ హై పవరే, పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేసింది. మీలో ఎన్‌సీసీలో ఉన్నవాళ్లకు ఎప్పుడైనా అధికారుల సమక్షంలో దాన్ని విప్పి చూపించే అవకాశం వస్తే, బ్యారెల్ తీసి అడుగున ఆ వాలు ఎక్కడుందో వెతకండి.